రెండు నిమిషాల ఊళ్లు

నాకు కోపం ఎక్కువ. ఇరవై ఆరేళ్లు కొండదారి బస్సులో కండక్టరుగా చేసినదాన్ని, మెత్తగా ఉంటే జనం నెత్తినెక్కి కూర్చునేవాళ్లు. రిటైరయ్యాక తగ్గుతుందన్నారు. తగ్గలేదు. అప్పుడు అరవై మందికి పంచేదాన్ని, ఇప్పుడు ఇంట్లో ఉన్న ఇద్దరికే సర్దాల్సొస్తోంది.

ఆ దారిలో ఏడు ఊళ్లున్నాయి. ఏ ఊరి తర్వాత ఏ ఊరో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ఏడింటిలో ఒక్క ఊళ్లోనూ నేను దిగలేదు. ఎవరికి చెప్పినా నమ్మరు. బండి ఊరికి రెండు నిమిషాలు ఆగేది. కండక్టరు తలుపు వదలకూడదు. దిగేవాళ్లని దించాలి, ఎక్కేవాళ్లని ఎక్కించాలి, రెండు గంటలు కొట్టాలి, బండి కదలాలి. మహా అయితే ఒక కాలు నేలమీద, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద. అందుకని మొదటి ఊరంటే నాకు ఒక నీలం తలుపు, రెండో ఊరంటే పోస్టాఫీసు మెట్లు, ఐదో ఊరంటే వాగు మీద చెక్క వంతెన. ఆ పక్క సందు మలుపు తిరిగితే ఏముంటుందో ఇరవై ఆరేళ్లలో నాకు తెలీలేదు.

నాలుగో ఊరంటే మిషనమ్మ.

స్టాపుకి ఎదురుగా అరుగు మీద ఆవిడ కుట్టుమిషను. టికెట్ల సంచి పట్టీ రాసుకుని రాసుకుని నా ఖాకీ చొక్కా ఎప్పుడూ ఎడమ భుజం దగ్గరే చిరిగేది. ఒకరోజు అరుగు మీంచి అరిచింది. "ఇదిగో టికెట్టమ్మా! ఆ భుజం పిగిలిపోయింది చూసుకో, కొండంతా చూస్తోంది!" బస్సంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున ఆ చొక్కా ఆవిడ మీదికి విసిరేశాను. మధ్యాహ్నం బండి కిందికి దిగేటప్పటికి లోపల రెండు మడతల గుడ్డ వేసి, పట్టీ తగిలేచోట మూడు వరసలు కుట్టి పెట్టింది. చొక్కా చివికిపోయింది గానీ ఆ కుట్టు మాత్రం ఊడలేదు.

అలా మొదలైంది. పొద్దున రెండు నిమిషాలు, మధ్యాహ్నం రెండు నిమిషాలు, పంతొమ్మిదేళ్లు. ఆవిడ మరిదితో పడ్డ గోడ తగాదా నాకు పదకొండు రోజులు చెప్పింది. సరిగ్గా ఎవరు ఎవరి జుట్టు పట్టుకున్నారో తేలే సమయానికి నేను గంట కొట్టాల్సి వచ్చేది. మా ఆయన పోయాక నేను మళ్లీ డ్యూటీలో చేరిన రోజు, మిషను ఆపి తలుపు దగ్గరికొచ్చింది. ఫుట్‌బోర్డు మీదున్న నా పాదం మీద చెయ్యేసి నిలబడింది. రెండు నిమిషాలూ ఒక్క మాట లేదు. అంతమంది వచ్చి అన్నన్ని మాటలు చెప్పారు గానీ, నాకు ఆ చెయ్యే గుర్తుంది.

"ఒక్కసారి దిగవే తల్లీ, నా ఇల్లు చూద్దువుగాని" అనేది.

"రిటైరయ్యాక వస్తా. రెండు రోజులుంటా" అనేదాన్ని.

ఆఖరి రోజు టికెట్టు వెనక నా ఫోన్ నంబరు రాసి చేతిలో పెట్టి, నెల తిరక్కుండా వస్తానని మాటిచ్చాను. అది రెండేళ్ల కిందటి మాట.

ఎందుకు వెళ్లలేదంటే, ఇంటికి రాగానే మా అబ్బాయి, "బస్సులో ఎందుకమ్మా? మనందరం కార్లో రోడ్ ట్రిప్ వేద్దాం. నీ కొండలు, నీ ఊళ్లు మాకూ చూపిద్దువుగాని" అన్నాడు. పొంగిపోయాను. ఆ తర్వాత వాడికి ప్రమోషనొచ్చింది, ట్రిప్పు వాయిదా. కోడలికి ఏదో పరీక్ష, వాయిదా. వానలు, వాయిదా. మా అమ్మాయికి సెలవు దొరకలేదు, వాయిదా. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఊరికే అనలేదు.

చివరికి ఈసారి ఖాయం అన్నారు. ఇంకో పదిహేను రోజుల్లో ప్రయాణం. ఆదివారం పొద్దున్న టీలయ్యాక భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నాం. మావాడు లాప్‌టాప్ తెరిచాడు. కోడలు పక్కన కూర్చుని లెక్కలన్నీ గళ్లుగళ్లుగా కొట్టి పెట్టింది. వేరే ఊళ్లో ఉండే మా అమ్మాయి వీడియో కాల్లో, పంచదార డబ్బాకి ఆనించిన ఫోన్లోంచి చూస్తోంది. నేను నా కాయితం బల్లమీద పరిచాను. ఏడు ఊళ్లు, ఒక్కో ఊరికి ఒక పూట, నాలుగో ఊరికి రెండు రోజులు.

"అమ్మా, మొదటి ఊరు తీసేశాను. అక్కడ చూడ్డానికేం లేదు. రేటింగ్ కూడా లేదు" అన్నాడు మావాడు.

"నీలం తలుపుంది."

"తలుపు చూడ్డానికి కారేసుకుని వెళ్తామా?"

"అత్తయ్యా, దాని బదులు ఈ గాజు వంతెన చూడండి, ఎంత బావుందో. కిందంతా లోయ కనిపిస్తుందట" అంది కోడలు.

"లోయ నేను ఇరవై ఆరేళ్లు చూశానమ్మాయ్. దాని పక్కనే నిలబడి టికెట్లు కొట్టాను."

రెండో ఊరూ పోయింది, హోటలు లేదట. ఆరో ఊరు పోయింది, కారు ఛార్జింగ్ పెట్టుకునే చోటు లేదట. ఏడో ఊళ్లో మాత్రం రిసార్టు దొరికింది, అందులో ఈత కొలను ఉందట. మా అమ్మాయి ఫోన్లోంచి, "అన్నయ్యా, అమ్మ అంత ఆశపడుతోంది, ఒకటో రెండో ఉంచరాదూ. అమ్మా, నువ్వు కూడా కాస్త సర్దుకో" అంది. అది చిన్నప్పట్నుంచీ అంతే. పాము చావకూడదు, కర్ర విరక్కూడదు.

"కొండెక్కి వెళ్లి నీళ్లతొట్లో మునుగుతారా? ఆ మాత్రం దానికి మన బాత్రూంలో బకెట్టుంది, వంతులేసుకుని మునగండి!" అన్నాను.

నవ్వారు. నాకు కోపమొచ్చినప్పుడల్లా ఈ ఇంట్లో నవ్వుతారు. బస్సులో ఇదే గొంతుకి ఆరడుగుల మగాళ్లు లేచి ముసలాళ్లకి సీటిచ్చేవాళ్లు. ఇక్కడ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"ఇంకో మంచి వార్త" అన్నాడు మావాడు. "కొత్త రోడ్డు పడింది. మూడు, నాలుగు, ఐదు... ఈ మూడు ఊళ్లూ అసలు తగలవు. వాగు ఒడ్డు వెంబడే తిన్నగా పైకి. నలభై నిమిషాలు కలిసొస్తుంది."

"నాలుగోది తగలాలి."

"అది పాత రోడ్డమ్మా, అన్నీ గుంతలట. అయినా ఏముందక్కడ?"

"మిషనమ్మ ఉంది."

ముగ్గురూ నావంక చూశారు. అప్పుడు నాకు తెలిసింది, ఈ ఇంట్లో ఆవిడ సంగతి నేనెప్పుడూ చెప్పలేదని. డ్యూటీ దిగి ఇంటికొస్తే కాళ్లు పీకేవి. వీళ్లకింత వండిపెట్టడానికే ఓపిక చాలేది కాదు, ఇక కబుర్లు ఎక్కడ? చెప్పాను. చొక్కా సంగతి, మాటిచ్చిన సంగతి.

"మరి ముందే చెప్పొచ్చుగా! ఆవిడకి ఫోన్ చేసి ఏడో ఊరి రిసార్టుకే రమ్మందాం. పేరేంటి?" అన్నాడు మావాడు.

"తెలీదు."

"పంతొమ్మిదేళ్ల స్నేహం, పేరు తెలీదా!" మా అమ్మాయి ఫోన్లో పడీపడీ నవ్వింది.

"రెండు నిమిషాల్లో పేర్లతో ఏం పనే? నేను మిషనమ్మా అంటే పలుకుతుంది, ఆవిడ టికెట్టమ్మా అంటే నేను పలుకుతాను. ఇంకేం కావాలి?"

ఇద్దరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. కోడలు మాత్రం నవ్వడం ఆపేసింది.

"అత్తయ్యా, ఏమని పిలుస్తుందన్నారు?"

"టికెట్టమ్మ."

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి లోపలికి వెళ్లి రెండో ఫోను తెచ్చింది. అందులో ఉన్నది నా పాత నంబరే. రిటైరయ్యాక మావాడు నాకు కొత్త ఫోను, కొత్త నంబరు కొనిచ్చి, పాతది పార్శిళ్ల వాళ్లకి ఇవ్వడానికి పనికొస్తుందని కోడలికిచ్చాడు.

"మొన్న మంగళవారం ఒకావిడ మూడుసార్లు చేసిందత్తయ్యా. టికెట్టమ్మ ఉందా అని. ఇక్కడ అలాంటివాళ్లెవరూ లేరన్నాను. నేను మీటింగ్‌లో ఉన్నాను. మళ్లీ చేసింది. మోసం కాల్ అనుకుని మూడోసారి..."

"మూడోసారి?"

"బ్లాక్ చేశాను."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ క్షణం తెలిసింది. ఫోను లాక్కున్నాను. ఆ బ్లాకో గీకో తియ్యమన్నాను. కోడలు తీసి, ఆ నంబరు నొక్కి ఇచ్చింది. మోగింది. అవతల మిషను చప్పుడు వినపడి, ఆగింది.

"ఎవరూ?"

"నేను. టికెట్టమ్మని."

"బతికే ఉన్నావన్నమాట" అంది.

"ఏమైంది? మంగళవారం చేశావట..."

"చెయ్యడమేంటి, వచ్చాను. మీ ఊరొచ్చాను. మొదటి బస్సుకి బయల్దేరి పది గంటలకల్లా మీ బస్టాండులో దిగాను. ఆఫీసులో అడిగితే, పేరేంటమ్మా అన్నారు. టికెట్టమ్మ అన్నాను. నవ్వారు. టికెట్లు కొట్టే ఆడవాళ్లు నలభై మంది ఉన్నారన్నారు. నువ్విచ్చిన నంబరుకి చేశాను. ఎవరో పిల్ల, అలాంటివాళ్లెవరూ లేరంది. మళ్లీ చేశాను, లేరంది. మళ్లీ చేశాను, మోగలేదు. బెంచీ మీద కూర్చున్నాను. ప్రతి బస్సులోంచీ దిగే ప్రతి ఆడమనిషి మొహమూ చూశాను. నాలుగింటికి వెనక్కొచ్చేశాను."

"నంబరు మారింది. మా కోడలికి తెలీదు. దాన్ని..."

"దాన్ననకు. దానికేం తెలుసు పాపం. కొత్త రోడ్డు పడింది, ఒకటో తారీఖు నుంచి బస్సు మా ఊరు రాదట. బస్సు లేకపోతే నా అరుగు మీదికి ఎవరొస్తారు? ఎల్లుండి సామాన్ల బండి వస్తోంది, మా అమ్మాయి దగ్గరికి పోతున్నాను. ఇక్కణ్నుంచి రెండు రోజుల ప్రయాణం. పోయేముందు నిన్నోసారి చూద్దామని వచ్చాను, అంతే."

ఇందాక మావాడు మంచి వార్తని చెప్పిన రోడ్డు అదే.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు" అంది. "బస్సు రోజూ నా ముందే ఆగుతుంది. రెండేళ్ల నుంచి ఆ టైముకి రోజూ మిషను ఆపి తలుపు వంక చూస్తున్నాను. నువ్వెందుకు రాలేదు?"

అబద్ధం చెప్పడానికి చాలా ఉన్నాయి. వానలు, పరీక్షలు. కానీ ఆ గొంతుకి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"కార్లో వద్దామని. పిల్లలతో."

"కార్లోనా!" అంది. "నేనెప్పుడైనా నిన్ను కార్లో చూడాలన్నానా? దిగమన్నాను. దిగితే చాలన్నాను. సరే మరి, ఆ కారేదో నట్టింట్లో పెట్టుకుని ఊరేగు." ఫోన్ పెట్టేసింది.

బల్ల దగ్గర అందరూ నేనేం పగలగొడతానా అని చూస్తున్నారు. పగలగొడదామనే ఉంది. కానీ ఎవరి తల? నా పర్సులో రిటైరైనవాళ్లకిచ్చే పాసుంది. ఏ బస్సైనా, ఏ రోజైనా ఎక్కొచ్చు. ఈ రెండేళ్లలో ఏ పొద్దున్నైనా ఆరుంబావు బస్సెక్కితే ఎనిమిది నలభైకి ఆవిడ ముందుండేదాన్ని. ఎందుకెక్కలేదో నాకు తెలుసు. పంతొమ్మిదేళ్లు అతుకేసిన భుజంతో, ఒంటికాలి మీద వేలాడుతూ కనిపించానావిడకి. ఒక్కసారి మంచి చీర కట్టుకుని, కొడుకు తలుపు తీస్తే దొరసానిలా కారు దిగాలనుకున్నాను. ఆవిడ అరుగు మీంచి చూడాలనుకున్నాను. ఆ సోకు కోసం ఆవిణ్ని రెండేళ్లు కూర్చోబెట్టాను. పిల్లలు ట్రిప్పు వాయిదా వేశారని ఊరంతా చెప్పుకున్నాను గానీ, వాళ్లు నా కాళ్లకి తాళ్లేమీ కట్టలేదు.

"అమ్మా, నేను రేపు లీవు పెడతాను. కారు తీస్తాను, పొద్దున్నే..." అన్నాడు మావాడు.

"నీ కారుకో దండం! ఇంకోసారి ఈ ఇంట్లో నా ముందు కారు మాటెత్తితే ఊరుకోను. మీరు వెళ్లి ఆ గాజు వంతెన మీద గెంతండి, ఆ తొట్లో మునగండి. నేను రాను."

కోడలు నా గదిలోకి వచ్చింది. సంచి సర్దుకుంటున్నాను.

"తప్పు నాదే అత్తయ్యా" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"నీదెందుకవుతుంది? అత్త పేరే తప్ప ఊరు పెట్టిన పేరు నీకెవరు చెప్పారు? ఏడవకు, నాకు ఇంకా కోపమొస్తుంది" అన్నాను. మెత్తగానే అందామనుకున్నాను, గట్టిగా వచ్చింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో ఆ పిల్ల వాటా చిటికెడు, మిగతాది నాదే.

సోమవారం ఆరుంబావు బస్సెక్కాను. కొత్త కండక్టరు పిల్ల నన్ను గుర్తుపట్టి, పాసు చూపించబోతే వద్దంది. నీలం తలుపు వెళ్లింది, పోస్టాఫీసు మెట్లు వెళ్లాయి, నేను సరిగ్గా చూడను కూడా లేదు. నాలుగో ఊళ్లో బండి ఆగింది. రెండు కాళ్లూ నేలమీద పెట్టాను. వెనక "రైట్ రైట్" అని వినపడగానే నా ఒళ్లు నా మాట వినలేదు, కదిలే బస్సు వెనక రెండంగలు పరిగెత్తాను. రాడ్డు పట్టుకోబోయిన చెయ్యి గాల్లో ఉండిపోయింది. ఎవరైనా చూశారేమోనని తిరిగాను.

ఆవిడ చూసింది. అరుగు మీద మూటల మధ్య కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నవ్వలేదు.

"నిలబడ్డావేం? ఆ తాడు చివర పట్టుకో" అంది.

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి మిషను కట్టాం. తల వేరే, కాళ్లు వేరే, చక్రం గోనెగుడ్డలో. కడుతూనే తిట్టడం మొదలెట్టింది. మాటిచ్చి తప్పినదానివంది. నలుగురూ నవ్వితే బస్టాండులో తల దించుకుని కూర్చున్నానంది. బొట్టు పెట్టి పిలిస్తే గానీ రాని పెద్దమనిషివా అంది. మధ్యలో గంట కొట్టేవాళ్లెవరూ లేరు. ఒక్క మాటకీ అడ్డం చెప్పలేదు నేను.

"ఈ మూటలు ఇంట్లో పెట్టాలి, పట్టు" అని సందులోకి నడిచింది. మలుపు తిరగ్గానే ఇల్లు. స్టాపు నుంచి ముప్ఫై అడుగులుంటుందేమో. రెండు చిన్న గదులు, వెనక కిటికీ, కిటికీలోంచి కొండ. రెండో గదిలో గోడకి నిలబెట్టిన చెక్కమంచం ఒకటుంది. ఇంకా పాలిష్ మెరుస్తోంది.

"మీ అమ్మాయిదా?" అన్నాను.

"నీది. నువ్వు డ్యూటీ దిగిపోయిన నెలలో చేయించాను. రెండు రోజులుంటానన్నావుగా, కింద పడుకోలేవని." మూట దించి, చేతులు దులుపుకుంది. "ఎవరూ పడుకోలేదు. బండిలో చోటు లేదు, పక్కింటివాళ్లకి ఇచ్చేశాను. సాయంత్రం వచ్చి తీసుకుపోతారు."

ఆ మంచం పట్టీ మీద చెయ్యేసి నిలబడ్డాను. నామీద నాకు పుట్టిన కోపానికి ఏం చెయ్యాలో తెలీలేదు. గట్టిగా ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. ఏడుపు అయ్యాక ఒక గ్లాసు మంచినీళ్లిచ్చి, గిన్నెలు కాయితాల్లో చుట్టమంది.

"ఇవాళ ఉండిపోతాను. కిందే పడుకుంటాను" అన్నాను.

"పరుపులన్నీ కట్టేశాను. పో" అంది.

అయిదింటికి కిందికి వెళ్లే బస్సొచ్చింది. ఆవిడే నా సంచి మోసుకొచ్చి ఫుట్‌బోర్డు మీద పెట్టింది. నేనెక్కి, తలుపు దగ్గరే నిలబడ్డాను.

"ఇంకా కోపంగానే ఉందా?" అన్నాను.

"ఎందుకుండదు? రెండేళ్లు నీ దగ్గరే పెట్టుకుని, నాకు ఒక్క రోజు తెచ్చావు."

నేను నోరు తెరిచేలోగా కండక్టరు పిల్ల రెండు గంటలు కొట్టింది.